ఎడమ చెవి

కువైట్ నుంచి జీవిత వచ్చి పదకొండు రోజులైంది. ఇన్ని రోజుల్లో కూతురు మహిమ ఆమెను ఒక్కసారైనా ఉత్త ‘అమ్మా’ అని పిలవలేదు. ‘కువైట్ అమ్మా’ అనేది. ఉత్త ‘అమ్మా’ విశ్వాసమ్మది. విశ్వాసమ్మ జీవితకు సొంత అక్క, పిల్లలు లేని మనిషి. తన భర్త లేవి చనిపోయిన మరుసటేడు జీవిత నాలుగేళ్ళ బిడ్డను అక్క చేతుల్లో పెట్టి విమానమెక్కింది. మహిమకిప్పుడు పదేళ్ళు.

పిలుపు సంగతి ఎట్లాగో దిగమింగుకుంది గానీ, పొద్దున్నే జరిగే తంతును మాత్రం జీవిత చూడలేకపోయేది. రాయచోటి వైపు ఎండలకే పేరు. అయినా క్రిస్మస్ ముందు తెల్లవారుజామున ఇంటి ముందరి బండలు చలికి కాలు పెట్టనివ్వవు. విశ్వాసమ్మ బిడ్డను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, స్వెటర్ తొడిగి, గోధుమరంగు మంకీ టోపీని గడ్డం దాకా లాగేది.

“చాలమ్మా, ఊపిరాడటంల్యా!” అని మహిమ గింజుకునేది.

“ఉండు. గాలి తగలగూడదు.”

కువైట్‌లో జీవిత చేసిందీ ఈ పనే. ఆ ఇంటి పిల్లలిద్దరికీ ఆరు చలికాలాలు కోటు గుండీలు పెట్టి బడికి పంపింది. వాళ్ళు కూడా ఆమె చేతుల్లో ఇట్లాగే గింజుకునేవాళ్ళు. తన బిడ్డ మాత్రం, ఆమె తెచ్చిన ఎర్ర జాకెట్ తొడగబోతే, దర్జీకి కొలతలిస్తున్నట్టు చేతులు చాచి కదలకుండా నిలబడింది. ఆ నిలబడటాన్ని జీవిత మరచిపోలేకపోయింది.

శనివారం బడి పిల్లలను గండికోటకు తీసుకుపోతున్నారు. తెల్లవారి ఐదింటికి బస్సు. శుక్రవారం సాయంత్రమే విశ్వాసమ్మ ట్రంకుపెట్టె మీద స్వెటరు, టోపీ, దూది సర్దిపెట్టింది. జాకెట్ మడత విప్పనేలేదు. అక్క పాలకు పోయిన సమయం చూసి జీవిత ఆ టోపీని బియ్యం డబ్బాలో అడుగుకు దోపి మూత పెట్టేసింది.

తెల్లవారి విశ్వాసమ్మ ఇల్లంతా తిరగేసింది. “ఈడనే పెట్టినా గదా! యాడికి పోయింది?”

“టోపీ లేకుంటే ఏమిలే అక్కా. జాకెట్‌కు తలమీదికి వచ్చేది ఉండాది” అంది జీవిత, జిప్పు లాగుతూ.

“అది చెవులకు అంటుకోనుండదు. గాలి దూరుతాది.”

చర్చి దగ్గర బస్సు హారన్ కొట్టింది. విశ్వాసమ్మ దండెం మీది తన పాత నూలుచీరను సర్రున చింపి, ఆ పీలికను బిడ్డ తలకు, చెవులకు గట్టిగా చుట్టి ముడేసింది. తోటి పిల్లలు నవ్వుతారని మహిమ మారాం చేస్తుందని జీవిత ఎదురుచూసింది.  మహిమ మాత్రం ఆ ముడిని తడిమి చూసుకుని బస్సు వైపు పరిగెత్తింది.

“నాకు పోటీగా కడితివి గదక్కా ఆ పీలిక” అంది జీవిత, బస్సు మలుపు తిరగ్గానే. “నేను తెచ్చిండేది దానికి అంటనీయవు.”

విశ్వాసమ్మ బండ మీద కూలబడింది. “పోటీ యాడిదే? దానికి ఎడమ చెవి లోపల కన్నం పడింది. కర్నూలులో ఆపరేషన్ చేపిస్తిమి. రెండేండ్లాయ. ఇరవై దినాలు ఆడనే ఉంటి. చలిగాలి తగిలితే ఇప్పటికీ చీము కారుతాది.”

జీవితకు ముందు భయం వేయాల్సింది. వేయలేదు. ఆ ఇరవై దినాలూ అక్కకు దక్కాయని మండింది. బిడ్డ నొప్పితో ఏడ్చినప్పుడు పట్టుకున్నది కూడా అక్క చేతులే.

“నా బిడ్డకు కోత పెడితే నాకు చెప్పల్యా? వారం వారం ఫోను చేస్తిని!”

“ఆడ ఏడుస్తాంటావని చెప్పల్యా.” విశ్వాసమ్మ తల వంచుకుంది. “అది అబద్ధమే. చెప్తే వచ్చేస్తావు, వచ్చి తోడుకపోతావు అని చెప్పల్యా. బిడ్డనూ చెప్పనీల్యా. నీ ఫోను వచ్చిన దినం అది నీ మాటలే చెప్తాంటే నాకు అన్నం సయించేది కాదు.”

జీవిత లోపలికి పోయి, మోచేతి దాకా బియ్యంలో చేయి పెట్టి, టోపీ తీసుకొచ్చి అక్క ముందు వేసింది. విశ్వాసమ్మ దాన్ని చూసింది, చెల్లెలిని చూసింది.  ఉన్నిలో ఇరుక్కున్న గింజలను ఒక్కొక్కటిగా ఏరింది.

“ఆ ఇరవై దినాలు ఎట్ల గడిచె? మొదట్నుంచి చెప్పు” అంది జీవిత, పక్కన కూర్చుని.

అక్క చెప్పింది. మత్తు దిగేటప్పుడు బిడ్డ ఎవరిని పిలిచిందని జీవిత అడిగింది. విశ్వాసమ్మ జవాబివ్వడానికి తడబడింది. పిలిచింది తనను కాదని ఆ తడబాటులోనే జీవితకు అర్థమైంది. అయినా “ఊఁ, ఆమేల ఏమాయ?” అంటూనే ఉంది.

సాయంత్రం బస్సు వచ్చింది. మహిమ దిగి, కోట గోడలు, లోయలో పెన్నా నీళ్ళు అంటూ నేరుగా విశ్వాసమ్మ మీదికి ఉరికింది. చెవి నొప్పి లేదంది. విశ్వాసమ్మ ఆ పిల్ల భుజాలు పట్టి జీవిత వైపు తిప్పింది.

“ఈమెకు చూపించు, యాడ కోసినారో.”

మహిమ పీలిక సడలించి జుట్టు పక్కకు తీసింది. చెవి వెనక సన్నటి తెల్లటి గీత. జీవిత వేలితో తాకింది. బిడ్డ చక్కిలిగిలికి మెడ ముడుచుకుని, చేయి తోసేస్తూ గింజుకుంది. జీవిత వేలు తీయలేదు.