ముత్తవ్వకు పోయని నీళ్ళు

నేను ఒక ఉగ్గుగిన్నెను. ఓబుళమ్మ పోయిన మధ్యాహ్నం నా నిండా నీళ్ళున్నాయి. ఆమె నోట్లో ఒక్క చుక్క కూడా పడలేదు. పడనివ్వనిది ఆమె పెంచిన మునిమనవరాలు సుభాషిణి.

జమ్మలమడుగులో ఒక కంచరి నన్ను ఇత్తడితో పోతపోశాడు. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, పాలు ధారగా జారడానికి సన్నని మూతి. ఓబుళమ్మకు పుల్లయ్య పుట్టినప్పుడు పుట్టింటివాళ్ళు నన్ను కొనిచ్చారు. పసిపిల్లలకే కొంటారు గానీ, మనుషులు చివరి రోజున కూడా నన్నే వెతుక్కుంటారని అప్పటికి నాకు తెలియదు.

పుల్లయ్య మనవరాలు సుభాషిణి నెలలు నిండకుండా పుట్టింది. చన్ను పట్టే శక్తి లేదు. తల్లికి జ్వరం, నాయనమ్మ అప్పటికే లేదు. ఓబుళమ్మ తల్లిపాలు పిండించి నాలో పోసుకుని, పిల్లను ఒళ్ళో ఏటవాలుగా పెట్టుకునేది. పెదవి పక్కన చుక్క వదిలి, వెంటనే గొంతు మీద వేలు ఆనించేది. గొంతు కదిలితేనే రెండో చుక్క. కదలకపోతే ఎంతసేపైనా ఆగేది.

"ఏమత్తా, ముక్కు మూసి పోస్తే గుటుక్కున మింగుతాది కదా. పొద్దుగూకులూ ఇదే పనా?" అని పక్కింటి ఆవిడ నవ్వేది.

"మింగుతాది, లేదంటే ఊపిరికి పోతాది. నీ బిడ్డకు నువ్వు పోసుకో పో."

పిల్ల బతికింది. తల్లి పొలం పనులకు పోతే ముత్తవ్వే జడలు వేసింది, బడి దాకా వెంట నడిచింది. సుభాషిణి ఆ ఊరి బడిలోనే టీచరైంది. "నాకు రాయను రాకపోతేనేమి, రాసేదాన్ని తయారు చేసినా" అని ఓబుళమ్మ వీధంతా వినేలా చెప్పేది.

సుభాషిణి ఇంకా బడిలో చదువుకునే రోజుల్లో ఓబుళమ్మ భర్త మంచాన పడ్డాడు. కొడుకు చేతి నీళ్ళు దిగితేనే ప్రాణం సుఖంగా పోతుందని ఆ ఇంటి నమ్మకం. పుల్లయ్య ఏడుస్తూ నన్ను తండ్రి నోట్లో వంచాడు. ప్రేమ ఎక్కువైన చెయ్యి ఆగదు. ముసలాయన పొలమారాడు, పెనుగులాడాడు, అంతే. "మా నాయన నా చేతి నీళ్ళు తాగి పోయినాడు" అని పుల్లయ్య ఆనాటి నుంచీ చెప్పుకుంటున్నాడు. ఓబుళమ్మ ఒక్కసారీ కాదనలేదు. ఆ రోజు నన్ను తానే కడిగి బోర్లించింది.

పోయిన వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. సుభాషిణి ఆమె గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటూ నాతోనే గంజి పట్టేది. ఇంట్లో ఎవరూ లేని ఒక పూట ముసలామె ఆమె మణికట్టు పట్టుకుంది.

"మింగుడు పడని రోజు నాకు ఎవురి చేతా నీళ్ళు పోయించొద్దు సుభా. మీ తాతను అసలు రానీయొద్దు. మీ ముత్తాత వాడు పోసిన నీళ్ళు అడ్డంపడే పోయినాడు. నేను చూసినా. వానికి తెలీదు."

"ఇన్నేళ్ళు చెప్పలేదా అవ్వా?"

"చెప్తే వాడు బతుకుతాడా?"

ఆమె పోయిన మధ్యాహ్నం గొంతులో గురక మొదలైంది. చుట్టాలు మంచం చుట్టూ మూగారు. పుల్లయ్య నాలో నీళ్ళు నింపి తులసాకు వేసి తెచ్చాడు. సుభాషిణి ముత్తవ్వ గొంతు మీద వేలు పెట్టింది. కదలలేదు. చెయ్యి అడ్డం పెట్టింది.

"జరుగు."

"వద్దు తాతా. మింగడం లేదు."

"మాయమ్మకు నేను పోసేదానికి నువ్వెవురు?"

"పంతులమ్మ పెత్తనం బడిలో చేసుకోమను," అంది వెనక నుంచి ఒకావిడ.

పుల్లయ్య నన్ను ముందుకు తోశాడు. సుభాషిణి నన్ను పట్టుకుని వెనక్కి లాగింది. రెండు చేతుల మధ్య నేను ఎటూ కదల్లేదు. చివరికి ముసలి చెయ్యి ఓడిపోయింది. ఆమె తడిగుడ్డతో ముత్తవ్వ పెదవులు అద్దుతూ కూర్చుంది. గురకకూ గురకకూ మధ్య ఎడం పెరిగింది, ఇంకా పెరిగింది. పెనుగులాట లేకుండానే ఆగిపోయింది.

పెద్దకర్మ నాడు విస్తరి ముందు కూర్చుని, "మాయమ్మ దప్పికతో పోయింది" అన్నాడు పుల్లయ్య, అందరూ వినేలా. వడ్డిస్తున్న సుభాషిణి ఆగింది. ఒక్క మాట చెబితే ఆమె మీది నింద పోతుంది. ఆ మాటతోనే తండ్రి చావుకు తన చెయ్యే కారణమని ఆయనకు తెలుస్తుంది. ఆమె అన్నం వడ్డించి ముందుకు కదిలింది.

ఇప్పుడు నేను సుభాషిణి వంటింటి అలమరలో ఉన్నాను. మొన్న పుల్లయ్య కర్ర పట్టుకుని గడప దాకా వచ్చాడు.

"నువ్వు ఊరికే అడ్డం పడేదానివి కాదు పాపా. ఎందుకు ఆపితివో చెప్పు, పోతా."

"కూర్చో తాతా, మజ్జిగ తెస్తా."

మజ్జిగ కలిపి తెచ్చేసరికి ఆయన వీధి మలుపు దాటుతున్నాడు. ఆమె గ్లాసుతో గడపలో నిలబడింది. పిలవలేదు.