సోయా నూనె తొలి గానుగ

మొగుడి కూరకి పంది కొవ్వు వేసి, తన కూరకి మడ్డి నూనె వేసుకుంది గుయ్‌రోంగ్. పదహారేళ్లుగా ఇంతే. ఆ ఊళ్లో సోయా నూనె ఆడే గానుగ వాళ్లదొక్కటే. తేట నూనె ఊరికి పోతుంది. జాడీలో గడ్డకట్టిన పంది కొవ్వు మొగుడు తియెన్‌యోకి. కుండ అడుగున మిగిలిన మడ్డి కోడలికి. "కొవ్వు పడకపోతే గానుగ తిప్పేవాడికి బలం ఎక్కడిదే? నీకేం, పొయ్యి దగ్గర కూర్చునే పనేగా" అని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త అంది. రెండోసారి అనాల్సిన పని పడలేదు.

పొయ్యి దగ్గర కూర్చునే పని. తెల్లారకముందే లేచి గింజలు ఏరాలి. నలిపిన పలుకులకి ఆవిరి పట్టాలి. పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. తడి ఎక్కువైతే గానుగలో పక్కలకి జారిపోతుంది, తక్కువైతే నూనె దిగదు. ఇది ఎవరూ నేర్పలేదు. చెయ్యి కాలి కాలి తెలిసింది. పదునుకొచ్చిన పలుకుల తట్ట మోసుకెళ్లి గానుగ కొట్టం గడప బయట దించాలి, అంతే. లోపలికి అడుగు పెట్టకూడదు. ఆడది గడప దాటితే నూనె ఆగిపోతుందని మామగారి తాతల నాటి మాట. బయట నిలబడి చప్పుడు వినేది. నూనె ధార పళ్లెంలో పడే చప్పుడు వినబడ్డాక ఇంట్లోకి పోయేది. "తియెన్‌యో చేతి నూనె పిండివంటల్లో కమ్మగా ఉంటుంది, కూరలో తేలికగా ఉంటుంది" అని ఊరు మెచ్చుకుంటే అతను తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకునేవాడు. ఆమె మంచుకి పగిలిన తన చేతులకి ఇంత మడ్డి నూనె రాసుకుని గిన్నెలు తోమేది. కోపం ఉండేదా అంటే, ఉండేది. కాని దాన్ని ఎక్కడ దించాలో తెలిసేది కాదు.

ఆ ఏడు తొలి మంచు పడ్డాక గానుగ మొదలుపెట్టే ముందు, ఊరి ఆసుపత్రిలో అందరికీ రక్తం పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి తియెన్‌యో మొహంలోకి చూసింది.

"నీ రక్తంలో కొవ్వు పేరుకుంటోంది. బీపీ కూడా ఎక్కువే. నూనె ఆడే ఇంట్లో ఉండి పంది కొవ్వు తింటున్నావా?"

"అది బలం కదండీ!"

"బలం కాదు, బరువు. కొవ్వు బదులు మీ సోయా నూనే వాడు, గుండెకి మేలు. అందులో 'ఇ' విటమిన్ కూడా ఉంది. అలాగని మందులా తాగేది కాదు, నూనె నూనే. తక్కువ పొయ్యాలి. వేపిందాన్నే మళ్లీ మళ్లీ కాచకూడదు. ఈ చలికాలం బరువులు ఎత్తకు, గానుగ తిప్పకు." తర్వాత డాక్టరమ్మ గుయ్‌రోంగ్‌ది తీసి చూసింది. "నీది బావుంది. నువ్వేం తింటావు?"

"మడ్డి నూనె."

డాక్టరమ్మ కాగితం మడిచి ఆమె చేతికిచ్చింది. "ఇకనుంచి తేటదే తిను" అంది.

ఇంటికొచ్చాక తియెన్‌యో తేల్చేశాడు. "గానుగ పక్కింటి వూ తిప్పుతాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుంటా. కూర్చునే పనేగా. నువ్వు ఇంట్లో పని చూసుకో."

ఆమె ఏదో అనబోయి ఆగింది. ఆవిరి పదును గురించి చెప్తే నవ్వుతాడు. చెప్పకపోతే పలుకులు పాడవుతాయి. గానుగ తొలిరోజు తెల్లారేసరికి వాకిట్లో ఊరివాళ్ల సోయా బస్తాలు పన్నెండున్నాయి. ఇవాళ నూనె దిగకపోతే అవి టౌను మిల్లుకి పోతాయి. ఒకసారి పోయిన బస్తా మళ్లీ రాదు, గానుగ మూతపడుతుంది. ఇంతా తెలిసి కూడా ఆమె వంటింట్లో నిరుడు మిగిలిన నూనె కాస్తూ ఉండిపోయింది. పచ్చి నూనె నురగ చచ్చేదాకా కాయాలి, పొగ రాకముందే దించాలి. దించింది. కొట్టంలో గానుగ తిప్పే ఇనుప కడ్డీ కిర్రుమంటోంది. ధార చప్పుడు మాత్రం లేదు.

"ఏంటయ్యా ఇది, గంజిలా కారిపోతోంది!" అని వూ గొంతు. "నా వల్ల కాదు బాబూ, నేను పోతున్నా."

అత్త వాకిట్లోకి పరుగున వచ్చింది. "ఒసే, నిజం చెప్పు, గడప దాటావా?"

"లేదు."

"మరి నూనె ఎందుకు ఆగింది?"

"గడప దాటనందుకు" అంది గుయ్‌రోంగ్. తన నోటినుంచి ఆ మాట వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లింది. తియెన్‌యో ఆవిరి పట్టిన పలుకులు పిడికిట్లో పిసికింది, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. తీసి పక్కన పోసి, కొత్త పలుకులు వేసి, మంట తగ్గించింది. పదునొచ్చాక తట్ట ఎత్తుకుని నడిచి, గడప మీద ఆగకుండా లోపలికి పోయింది.

లోపల చీకటి, నూనె వాసన, నల్లబడ్డ ఇనుము. ఇంత చిన్న చోటా, అనుకుంది.

"గడ్డి అడుగున పరుచు" అన్నాడు తియెన్‌యో వెనకనుంచి, నెమ్మదిగా. "చివర్లు లోపలికి మడువు. ఊఁ. ఇప్పుడు కట్టు బిగించు."

అతను చెప్పినట్టే పలుకుల్ని గడ్డిలో చుట్టి బిళ్లలుగా కట్టింది, గానుగలో ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఆమె ఒక్కదానివల్ల కడ్డీ తిరగలేదు. తియెన్‌యో ముందుకు రాబోయాడు. "నువ్వు కాదు, డాక్టరమ్మ ఏం చెప్పింది?" అని అతన్ని ఆపి బయటికి చూసింది. "అత్తయ్యా, రండి. ఇటు చివర పట్టుకోండి."

యాభై ఏళ్లు ఆ ఇంటి కోడలుగా బతికిన మనిషి గడప బయట అలా నిలబడిపోయింది. ఒక చెయ్యి తలుపు చెక్క మీద పెట్టింది. తర్వాత చెప్పులు విప్పి వచ్చింది.

"ఇదా!" అంది, చుట్టూ చూస్తూ. "ఇంతేనా ఇక్కడున్నది? మీ మామ ఏదో దేవుడి గది అన్నట్టు చెప్పేవాడు."

ఇద్దరూ కడ్డీ తోశారు. మూడో చుట్టులో పసుపుపచ్చటి ధార మొదలైంది. ముసలావిడ వేలు ముంచి నాలికకి రాసుకుంది. మళ్లీ కడ్డీ పట్టుకుంది.

తియెన్‌యో ఖాళీ తట్ట చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పన్నెండు బస్తాల్లో ఒకటి అయింది.

"చేతులు కడుక్కురా" అంది గుయ్‌రోంగ్, కడ్డీ వదలకుండానే. "ఆవిరి ఎలా పట్టాలో నేర్పుతాను."