ఆరింటికి ఆగిపోయే యాంప్లిఫయర్

మా ఇంట్లో యాంప్లిఫయర్ సాయంత్రం ఆరింటికి ఆగిపోతుంది. మా కోడలు ఆఫీసు నుంచి వచ్చేదీ ఆరింటికే. ఈ రెండూ కలిపి చూసుకోలేనంత అమాయకుణ్ణి కాను. నలభై ఏళ్ళు టైలరు పని చేశాను. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ళను ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదు.

అయిదున్నరకు పాటలు పెడతాను. అరగంట హాయిగా పాడుతుంది. వీధి తలుపు చప్పుడవుతుంది. ఆ తర్వాత నిమిషమో రెండు నిమిషాలో గడిచేసరికి పాట టక్కున ఆగి, పెట్టె ముందువైపు ఎర్ర దీపం వెలుగుతుంది. కోడలు మాత్రం ఏమీ ఎరగనట్టు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటుంది. పావుగంట ఆగి స్విచ్ వేస్తే మళ్ళీ మామూలే. నా పాటలంటే ఆమెకు గిట్టదని నాకెప్పటినుంచో అనుమానం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టి చూపిస్తాననుకున్నాను.

ఊరికే నిందలు వేసే మనిషిని కాను. ముందు యంత్రాన్నే అనుమానించాను. ప్లగ్గు వేరే సాకెట్లో పెట్టాను. స్పీకర్ వైర్ల చివర్లు కొత్తగా ఒలిచి, మెలిపెట్టి బిగించాను. ఎడమ స్పీకర్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చాను. వాల్యూమ్ తగ్గిస్తే ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ పాడింది. ఆ రోజు ఆమె బస్సు కూడా ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇంతకన్నా ఏం కావాలి?

అయినా నిదానించాను. యాంప్లిఫయర్ ఉన్న అలమార అరకు అడ్డంగా సన్నని నల్లదారం కట్టాను. పాట ఆగింది, దారం తెగలేదు. ఆమె ఎంత తెలివైనదో అప్పుడర్థమైంది.

అన్నిటికంటే గట్టి రుజువు ఇంకోటుంది. ఆమె పుట్టింటికి వెళ్ళిన రెండు రోజులూ అది రాత్రి భోజనాల దాకా ఆగకుండా పాడింది. ఆమె వెళ్ళిన పొద్దున్నే నాకు మనసు తేలికపడి, దుమ్ము పడకుండా దానికి నేనే కుట్టిన తొడుగును ఆ వీలులో ఉతికేశాను కూడా. మందపాటి గుడ్డ, ఆరడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు తొడుగు వేశాను, కోడలు వచ్చింది, పాట ఆగింది.

ఇదంతా నా కొడుక్కి చెప్పాను. నెల రోజులపాటు రోజూ చెప్పాను. వాడు విని విని విసిగిపోయి, వేరే ఇల్లు చూశానని, ఆమె సరేనంటే ఆదివారమే మారిపోతామని అన్నాడు. వాడు లేని ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చేయను? దొంగతనం రుజువైతే వాడే ఆగిపోతాడనుకుని శనివారం మెకానిక్‌ని పిలిపించాను. ఆ పూట కొడుకు పనిమీద బయటికి వెళ్ళాడు. పాటలు పెట్టి, కోడలిని ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సాక్షివమ్మా అన్నాను గానీ, కళ్ళన్నీ ఆమె చేతుల మీదే పెట్టాను.

అరగంట దాటింది. ఆమె చేతులు ఒళ్ళోంచి కదలలేదు. పాట ఆగిపోయింది.

మెకానిక్ తొడుగు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. తొడుగు ఊడదీసి, పెట్టె పైనున్న సన్నని రంధ్రాలు చూపించాడు. లోపలి వేడి వాటిలోంచే బయటికి పోవాలట. దారి లేకపోతే, కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆగిపోతుందట.

“దీనికే జబ్బూ లేదండీ. ఊపిరాడటం లేదంతే. ఇంత బిగుతుగా ఎవరు కుట్టారు?”

నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. “మా మామయ్యగారే. ఆయన పని అంత శుభ్రంగా ఉంటుంది” అంది కోడలు. అందులో వెటకారం ఉందేమోనని అప్పుడు కూడా వెతికాను. లేదు.

మెకానిక్ వెళ్ళాక నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. ఎలాగో నోరు పెగల్చుకుని, “తప్పు నాదేనమ్మా. అన్యాయంగా నిన్ను అనుమానించాను” అన్నాను.

“నాకు మొదటి వారమే తెలుసు మామయ్యా. ముట్టుకుంటే కాలిపోతోంది. ఒకరోజు తొడుగు తీసి పక్కన పెట్టాను కూడా. నా వస్తువుల జోలికి రావద్దని అరిచారు.”

అరిచాను. గుర్తొచ్చింది.

“అప్పుడే విషయం చెప్పొచ్చు కదమ్మా?”

ఆమె నావైపు తిన్నగా చూసింది. “చెబితే నమ్మేవారా?”

నమ్మేవాణ్ణే అని ఒక్క మాట అంటే ఆమె ఉండిపోయేదేమో. ఆ మాట కోసం ఆమె ఎదురుచూసింది కూడా. కానీ అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె లేచి కుర్చీని దాని చోట పెట్టి, గదిలోకి వెళ్ళి బీరువాలోంచి బట్టలు తీయడం మొదలుపెట్టింది.