మెడలో మానస

పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతుంటే మెడలోని వెండి బిళ్ళ గిన్నె అంచుకు తగిలి టింగుమంది. ఆ బిళ్ళ మానస, నా భర్త దుర్గేష్ మొదటి భార్య. పోయినావిడ పేరిట రెండో భార్య మెడలో బిళ్ళ కట్టడం మా వాళ్ళ ఆచారం. పెళ్ళిలో పుస్తె కంటే ముందు నాకు దాన్నే కట్టారు. అప్పటి నుంచి వంటింట్లో నేను ఒంటరిగా ఉన్నది ఎప్పుడు గనక!

ఆచారమనేది ఎవరూ అడగనంత కాలం నడుస్తుందని మొన్న సోషియాలజీలో చదివాను. చదువుతుంటే వెనక నుంచి ఎవరో తొంగి చూసినట్టనిపించింది. నాచారంలో మందుల ప్యాకింగ్ పనికి పోతూనే ఓపెన్ ఇంటర్ కట్టాను. ఇవాళ మధ్యాహ్నం ఉప్పల్‌లో పరీక్ష. పోయినసారి ఆడపడుచు సీమంతమని ఆపేశారు. ఈసారీ ఆగితే ఇక పుస్తకం ముట్టను, నా సంగతి నాకు తెలుసు.

"గా సదువుతోని ఏమొస్తదే? మానస గిట్ల పుస్తకం వట్టుకోని కూసునేదా?" అంటాడు దుర్గేష్. పప్పు పలచనైతే మానస, చొక్కా నలిగితే మానస. బతికుండగా ఆమెను ఒక్కనాడైనా మెచ్చుకున్నాడో లేదో! రేపు నేను పోతే మూడో ఆమె మెడలో వేలాడుతూ నేనూ ఆమె పప్పుకు వంకలు పెట్టాలి కాబోలు. నాకు చావంటే భయం లేదు, ఆ బిళ్ళనవడమంటేనే భయం.

ఖర్మ కాలి మానస పోయిన తిథీ ఇవాళే. ఆమెకిష్టమైనవి వండి నా చేత్తోనే బువ్వ పెట్టాలి. "నేనొచ్చినంకనే పెట్టాలె, జర లేటయితది," అని దుర్గేష్ ఫోన్ చేశాడు. అప్పటికి పరీక్ష మొదలైపోతుంది.

"అత్తమ్మా, ఆమెకు పచ్చిపులుసు గంత ఇష్టమా?" అనడిగాను.

మా అత్త శ్యామలమ్మ బూరెలు తీస్తూ, "దుర్గేష్‌కు ఇష్టం," అంది.

"బూరెలు?"

"అవి గూడ వానికే."

"మరి ఆమెకు?"

అత్తమ్మ చేతిలో జల్లిగరిటె ఆగింది. "ఏమో బిడ్డా. అందరం తిన్నంక మిగిలింది తినేది. ఎన్నడడిగినం?"

నాకు ఏడుపొచ్చింది. చేతులు కడుక్కుని, హాల్ టికెట్ తీసుకుని చెప్పులేసుకున్నాను.

"ఏడికే? మానసకు బువ్వెవరు పెడ్తరు?"

"ఆయనకిష్టమైనయే కద, ఆయన్నే తినమనున్రి. మానస నాతోని వస్తున్నది. ఏం తింటవని తొవ్వల అడుగుత."