ఇద్దరు పట్టే దిమ్మిస

నేను ఒక దిమ్మిసను. నేలనూ గోడమట్టినీ కొట్టి గట్టిపరిచే బరువైన తుమ్మ మొద్దును. తాండూరు వైపు ఒక ఊళ్ళో మొగులప్ప అనే మట్టిపనివాడు నన్ను చెక్కుకున్నాడు. అడుగున ఇనుప పట్టీ వేయించి, రెండు పక్కలా రెండు పిడులు బిగించాడు. ఒక పిడి అతనిది, రెండోది అతని భార్య బుగ్గమ్మది. ఒక్కరు ఎత్తితే నేను లేవను. ఇరవై ఏళ్ళు ఆ నాలుగు చేతులే నన్ను ఎత్తి దించాయి. పని లేని రోజుల్లో వాళ్ళ మట్టి ఇంట్లోనే, వెనక గోడకు ఆనుకుని ఉండేదాన్ని.

ఊళ్ళోకి సిమెంటు వచ్చాక మమ్మల్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అలాంటప్పుడు శ్రీకర్ వచ్చాడు. పట్నంలో ఉద్యోగం మానేసి, గుట్ట కింద పన్నెండెకరాలు కొని, అతిథులు వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళే ప్రకృతి తోట వేశాడు. సిమెంటు ముట్టని ఐదు మట్టి కుటీరాలు కట్టమని మొగులప్పకు చెప్పాడు. శ్రీకర్ గొంతు పెంచి మాట్లాడడు. చీమ కనిపిస్తే పక్కకు తప్పుకుని నడుస్తాడు. మొగులప్పను "మొగులప్పగారూ" అంటాడు, ఎవరైనా వింటున్నప్పుడు.

నాలుగు కుటీరాలు లేచాయి. ఐదోది సగంలో ఉండగా వానలు పట్టుకున్నాయి. బుగ్గమ్మ జ్వరంతో ఇంటి దగ్గర ఉండిపోయింది. నా రెండో పిడి ఒక కూలీ పట్టాడు. బుధవారం మొగులప్ప శ్రీకర్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, మా ఇంటెన్క గోడ అడుగు నానింది. రెండొద్దులు ఇడిస్తే ఈ దిమ్మిసను తీస్కపోయి మట్టి కొట్టొస్త. ఇంటామె పానం బాగలేక లోపల్నే పండుకుంటున్నది."

"ఆదివారం మొదటి అతిథులు వస్తున్నారు. సోమవారం వెళ్ళు. ఇన్నేళ్ళు నిలబడ్డ గోడకి నాలుగు రోజుల్లో ఏమవుతుంది?"

మొగులప్ప తల ఊపి వచ్చేశాడు.

శనివారం మధ్యాహ్నం గోడ కూలింది. పక్కింటివాళ్ళు చేతులతో మట్టి తోడారు. బుగ్గమ్మ దొరికేసరికి ఊపిరి లేదు. ఆ సమయానికి నేను ఐదో కుటీరంలో, అతిథుల మంచం వేయబోయే చోట నేల కొడుతున్నాను.

ఆదివారం అతిథులు వచ్చారు. గోడల మీద చెంపలు ఆనించి, ఎంత చల్లగా ఉందో అన్నారు.

పన్నెండు రోజుల తర్వాత మొగులప్ప తిరిగి వచ్చాడు. ఇల్లు లేదు, మరో పని లేదు. శ్రీకర్ అతని భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. పశువుల పాక వెనక రేకుల షెడ్డులో ఉండమన్నాడు. ఆ రేకులు అతిథులకు కనిపించకుండా ఒక వెదురు తడిక కట్టించాడు. తడిక కట్టింది మొగులప్పే.

ఆదివారం ఉదయాల్లో అతిథులు గుండ్రంగా కూర్చుంటారు. మట్టి ఎలా కలుపుతారో మొగులప్ప వాళ్ళకు చెప్పాలి. మొదటి వారమే ఒకావిడ అడిగింది, "మీ ఇల్లు కూడా మట్టిదేనా?"

"మట్టిదే ఉండె మేడం. కూలింది. మా ఇంటామె అండ్లనే పాయె."

ఆ మధ్యాహ్నమే రెండు కుటుంబాలు సామాన్లు సర్దుకున్నాయి.

సాయంత్రం శ్రీకర్ షెడ్డు దగ్గరికి వచ్చాడు. "అబద్ధం చెప్పమని నేనెప్పుడూ అనను, మొగులప్పా. 'ఉండె' అనకు, 'ఉన్నది' అను. ఒక్క మాట. పాపం వాళ్ళు విశ్రాంతి కోసం వస్తారు."

తర్వాతి వారం నుంచి ఇల్లు ఉన్నది, ఇంటామె ఉన్నది. చెప్పేటప్పుడు మొగులప్ప నా రెండో పిడి వైపు చూసేవాడు. వాళ్ళు సంతోషంగా తల ఊపేవాళ్ళు.

చలికాలంలో వచ్చిన ఒక బృందం, భార్యాభర్తలిద్దరూ కలిసి దిమ్మిస కొడుతుంటే చూడాలని ముచ్చటపడింది. మొగులప్ప నోరు తెరిచేలోపే శ్రీకర్ "పిలిపిస్తాను" అన్నాడు. వంటింట్లోకి వెళ్ళి, వంట చేసే బాలమణిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని నా రెండో పిడి పట్టుకుంది.

"మీ పేరేంటమ్మా?" అని ఒకాయన అడిగాడు.

బాలమణి శ్రీకర్ వైపు చూసింది. "బుగ్గమ్మ" అంది.

మొగులప్ప చేతులు సడలాయి. నేను ఒరిగి అతని కాలివేళ్ళ మీద పడ్డాను. అతను కాలి వైపు చూసుకోలేదు.

"పెళ్ళాం ముందు ఎంత సిగ్గో చూడండి" అని ఎవరో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. మొగులప్ప వంగి తన పిడి పట్టుకున్నాడు. మూడో దెబ్బకు బాలమణికి లయ కుదిరింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం అలాగే లేస్తున్నాను. మిగతా రోజులు అతిథుల గదిలో చాప మీద నిలబడి ఉంటాను. నా మీద చెయ్యి వేసి ఫోటో దిగుతారు. ఎంతమంది దిగారో గానీ, వాళ్ళలో ఒక్కరూ నన్ను ఎత్తి చూడలేదు.

బాలమణి నా పిడి పట్టిన ఆ మొదటి ఆదివారం మాత్రం, అందరూ భోజనాలకు వెళ్ళాక, మొగులప్ప నాకంటిన మట్టి కడుగుతున్నాడు. కాలివేలి నుంచి రక్తం కారుతూనే ఉంది. బాలమణి వచ్చి దూరంగా నిలబడింది.

"ఏమనుకోకన్నా. సారే ఆ పేరు చెప్పుమన్నడు."

అతను నా రెండో పిడి మీది మట్టి కూడా కడిగాడు.

"ఏమంటలేను చెల్లె. ఎవ్వలొచ్చి అడిగినా గదే చెప్పు. నువ్వు నీ పేరు చెప్తివనుకో, ఇగ ఆమె పేరు ఎత్తేటోళ్ళే ఉండరు."