చౌడు నేల నీలి నూనె

నాద్‌హలోమ్ ఊరి వేడినీటి స్నానశాలలో యోలాన్‌ది ఒళ్ళు పట్టే పని. పంతొమ్మిదేళ్ళ నుంచీ అదే గది, అదే బల్ల. భూమిలోంచి ఉబికి వచ్చే అక్కడి నీళ్ళు కీళ్ళ నొప్పులకు మంచివే కానీ, గంటసేపు నానితే చర్మం తోలులా బిగుసుకుపోతుంది. ఎండలో ఈదినవాళ్ళ భుజాలు ఎర్రగా కాలిపోతాయి. వాళ్ళందరూ చివరికి చేరేది యోలాన్ గదికే.

ఆమె పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలో మూడే మూడు చుక్కలు సీమచామంతి నూనె వేసి అరచేతుల్లో వెచ్చచేస్తుంది. ఆ మూడు చుక్కలకే నూనె లేత ఆకాశం రంగుకు తిరుగుతుంది. గదంతా ఎండుగడ్డి, మాగిన ఆపిల్ కలిసిన వాసన. దురదలు, పగుళ్ళు, గడ్డం గీసుకున్న మంట, చలిగాలికి గరుకెక్కిన బుగ్గలు, అన్నీ ఆ చేతుల కింద మెత్తబడతాయి. అయితే ఎంతటివాళ్ళొచ్చినా సరే, మొదటిరోజు మోచేతి మడతలో ఒక్క చుక్క కలిపిన నూనె రాసి పంపించేస్తుంది. "రేపు రండి. దద్దుర్లు లేకపోతే అప్పుడు చూద్దాం" అంటుంది. పొద్దుతిరుగుడు నూనె కలపకుండా ఉత్త సీమచామంతి నూనె రాయమని అడిగినవాళ్ళతో మాత్రం పోట్లాటే.

ఆ నూనె తెచ్చేది ఆంబ్రుష్. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, గొర్రెలు తప్ప ఎవరూ ఇష్టపడని చౌడు నేల అతనిది. గోధుమ మొలవని ఆ నేలలో మే నెల వచ్చేసరికి సీమచామంతి తనంతట తానే విరగబూస్తుంది. ఒకప్పుడు ఉమ్మడి పొలాల్లో ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి కనుక, రాగి బానా గొట్టాలూ తనే అతికించి నూనె తీసే బట్టీ కట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం సైకిల్ మీద వచ్చి, నల్లసీసా ఒకటి బల్ల మీద పెట్టి, టోపీ ఎత్తి, "మీ చేతికి ముద్దండీ, యోలాన్ గారూ" అంటాడు. ఆ వయసు మగవాళ్ళందరూ ఆడవాళ్ళను అలాగే పలకరిస్తారు. కానీ మాటే తప్ప అతను చెయ్యి మాత్రం చాచడు. కొన్నేళ్ళుగా ఎండాకాలమైనా చేతుల తోలు తొడుగులు తీయడు.

"పొగరక్కా, ఉత్త పొగరు" అనేది టికెట్ల కిటికీ దగ్గర కూచునే పన్ని. "పెళ్ళాం పోయి పదమూడేళ్ళయింది, ఇంకా మన చెయ్యి తగిలితే అరిగిపోతాడట!"

"పోనీలేవే, ఆయన నూనెతో మనకు పని, చేత్తో ఏం పని?" అనేది యోలాన్. అంటూనే మంగళవారం పొద్దున జడ మరోసారి దువ్వుకునేది. ఆ సంగతి పన్నికి తెలుసని ఆమెకూ తెలుసు.

ఆ ఏడాది మే చివరి ఆదివారం ఊళ్ళో సీమచామంతి సంత జరిగింది. ఆంబ్రుష్ చిన్న బల్ల వేసి సీసాలు పేర్చుకున్నాడు. పక్కనే యోలాన్ నూనె కలిపే తీరు చూపిస్తోంది. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు సీసా మూత తీసి లోపలి రంగు చూసి గట్టిగా నవ్వాడు.

"తెల్లరేకులూ పసుపు బొడ్డూ ఉన్న పువ్వులోంచి నీలం ఎలా వస్తుందయ్యా? సిరా పోశావా?"

"ఆవిరి తగిలితే ఆ రంగు పుడుతుందండీ" అన్నాడు ఆంబ్రుష్ నెమ్మదిగా. "పువ్వులో ఉండదు. వేడిలో పుడుతుంది."

"అబ్బో! మరి అంత మంచి నూనె అయితే నువ్వు తొడుగులేసుకుని పట్టుకుంటావేం? నీ చేతికి అంటితే నీలం వదలదనా?"

చుట్టూ చేరినవాళ్ళలో కొందరు కిసుక్కుమన్నారు. ఆంబ్రుష్ మెడ ఎర్రబడింది. ఒక్క క్షణం సీసా వంకా, ఒక్క క్షణం యోలాన్ వంకా చూశాడు. తర్వాత తొడుగులు లాగి పారేసి, సీసా మూత తీసి, ఉత్త నూనె అరచేతిలో ఒంపుకుని మొహానికీ మెడకూ పులుముకున్నాడు.

"ఇదిగో సిరా! కడుక్కుంటే పోతుందో లేదో చూసుకోండి!"

జనం చప్పట్లు కొట్టారు. పట్నం పెద్దమనిషి రెండు సీసాలు కొని జారుకున్నాడు. యోలాన్ ఒక్కతే పళ్ళు కొరికింది.

"ఏమిటండీ ఆ పని? నేను పొద్దుటి నుంచీ గొంతు చించుకుని ఉత్త నూనె రాయొద్దని చెబుతుంటే..."

ఆంబ్రుష్ సబ్బునీళ్ళతో మొహం గబగబా కడుక్కుని, సీసాలన్నీ పెట్టెలో సర్దేసి, మధ్యాహ్నం కాకముందే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మంగళవారం అతను రాలేదు. బుధవారమూ రాలేదు. తొమ్మిదేళ్ళలో మంచు మోకాలి లోతు పడ్డ రోజుల్లో కూడా మంగళవారం తప్పని మనిషి.

"అలిగాడక్కా. నలుగురిలో గదమాయిస్తివి మరి" అంది పన్ని, జున్ను వేసి వేయించిన లాంగోష్ రొట్టె చింపుకుంటూ. "మగాడి అలక పాలపొంగులాంటిదిలే. నువ్వెళ్ళి ఒక్కసారి ఊదిరా."

బుధవారం పని అయ్యాక యోలాన్ సైకిల్ తీసింది. దారి పొడవునా చౌడు నేల తెల్లగా, పసుపుగా పూసి ఉంది. పూలు దువ్వే ఆడవాళ్ళు దువ్వెనలాంటి పళ్ళున్న చేటలతో వంగి నడుస్తూ, ఒక్కో విసురుకు గుప్పెడు పూలు రాల్చుకుంటున్నారు. ఆంబ్రుష్ ఇంటి తలుపు మాత్రం గడియ వేసి ఉంది.

"ఆంబ్రుష్ గారూ!"

లోపల కుర్చీ కదిలిన చప్పుడు. "మీ చేతికి ముద్దండీ. నేను బాగానే ఉన్నాను. వచ్చే మంగళవారం వస్తాను."

"గొంతేమిటి అలా ముద్దముద్దగా ఉంది? తలుపు తీయండి."

"వద్దండీ."

"నేను రోజుకు ఇరవై మంది వీపులు చూసేదాన్ని. మీ మొహం చూసి మూర్ఛపోనులెండి. తీస్తారా, కిటికీ ఎక్కమంటారా?"

తలుపు తెరుచుకుంది. యోలాన్ ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆంబ్రుష్ మొహం పొంగిన రొట్టెపిండిలా ఉంది. కళ్ళు గీతలయ్యాయి. మెడంతా ఎర్రటి దద్దుర్లు, నీటిపొక్కులు. తొడుగుల్లేని చేతుల మీద వేళ్ళ సందుల్లో పాత పగుళ్ళూ, మానిన మచ్చలూ కనిపించాయి. ఒక్క చూపుతో ఆమెకు అంతా అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అతను బల్ల మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. "మూడో ఏడు నుంచి. మొదట పూలు ముట్టుకుంటే దురద పెట్టేది. తర్వాత తర్వాత నూనె ఆవిరి తగిలినా అంతే."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పనండీ? తన నూనె తన ఒంటికే పడనివాడి దగ్గర ఎవరు కొంటారు? వంటవాడు తన కూర తను తినడని తెలిస్తే ఆ పూటకూళ్ళ ఇంటికి ఎవరైనా వెళతారా?"

"అయితే మానేయొచ్చుగా!"

ఆంబ్రుష్ కిటికీలోంచి చూశాడు. "మూడు గంటలు నీళ్ళు, ఉత్త నీళ్ళు కారి కారి, ఉన్నట్టుండి పైన నీలం తేలుతుంది చూశారూ... అది చూడకుండా ఉండలేను. పైగా..." అని ఆగిపోయి, "మంగళవారాలుంటాయి కదా" అన్నాడు.

యోలాన్ ఆ మాట విననట్టే లేచింది కానీ, చెవుల దాకా వేడెక్కిన సంగతి ఆమెకే తెలుసు.

"పదండి డాక్టరమ్మ దగ్గరికి."

"ఈ మొహంతోనా? దారిలో ఊరంతా చూస్తుంది!"

యోలాన్ తన తలగుడ్డ విప్పి, అతని తలకు చుట్టి, గడ్డం కింద ముడివేసి, మీసం దాకా లాగింది. పాత కోటొకటి భుజాల మీద కప్పింది. ఇద్దరూ రోడ్డుకు వచ్చి బస్సెక్కారు. ఎక్కగానే ముందుసీటు ముసలాయన లేచి, "కూర్చో మామ్మా, నిలబడలేవు" అన్నాడు. ఆంబ్రుష్ కిక్కురుమనకుండా కూచున్నాడు. యోలాన్ కిటికీ వైపు తిరిగి, దిగేదాకా పెదవి కొరుక్కుంటూనే ఉంది.

డాక్టరమ్మ చేతులు తిప్పి తిప్పి చూసింది. "ఆగస్టులో తుమ్ములొస్తాయా మీకు?"

"ఆపకుండా వస్తాయండీ."

"వస్తాయి మరి. ఆ తుమ్ములు తెప్పించే కలుపుమొక్కా, సీమచామంతీ ఒకే ఇంటి మొక్కలు. నూటికి తొంభైమందికి చల్లదనం, మీబోటివాళ్ళకు నిప్పు. ముట్టుకున్నకొద్దీ ఒంటికి పగ పెరుగుతుంది. మందు రాస్తాను, వారంలో తగ్గుతుంది. కానీ ఇక ఆ పువ్వు జోలికి వెళ్ళకండి."

ఆంబ్రుష్ తలూపాడు. బయటికొచ్చాక మాత్రం కాలు కదపలేదు. "షెడ్డులో రెండు బండ్ల పూలు పరిచి ఉన్నాయండీ. నిన్న దువ్వినవి. రేపటికి బట్టీకెక్కించకపోతే మగ్గిపోతాయి. ఏడాది పంట."

"ఎక్కిద్దాం" అంది యోలాన్.

"నన్ను పోవద్దన్నారుగా."

"మిమ్మల్ని పోవద్దన్నారు. నన్ను కాదుగా. నా మోచేయి నేను పంతొమ్మిదేళ్ళ కిందే చూసుకున్నాను."

మర్నాడు స్నానశాలకు సెలవు పెట్టి, తెల్లవారేసరికి ఆమె షెడ్డులో ఉంది. గాలి అటునుంచి వీచని చోట, చెర్రీ చెట్టు కింద, ఆంబ్రుష్ కుర్చీ వేసుకుని కూచున్నాడు. మధ్యలో వాకిలంత దూరం. అక్కడి నుంచే కేకలు.

"అదమకండి! పూలు వదులుగా ఉండాలి, ఆవిరి ఊపిరి తీసుకోవాలి!"

"ఊపిరి నాకే ఆడట్లేదు, పూలకెక్కడిది!"

"మంట తగ్గించండి! అంత మంటకు మాడిన కంపొస్తుంది!"

"కూచున్నవాడికి కబుర్లెక్కువని మా అమ్మమ్మ అనేది!"

బాన మూత చుట్టూ పిండి మెత్తి ఆవిరి పోకుండా బిగించింది. బావి నీళ్ళు తోడి గొట్టం చల్లార్చే తొట్టి నింపింది. వీపు మీద చెమట కాలువలు కట్టింది. ఒళ్ళు పట్టే పనే కష్టమనుకునేది ఇన్నాళ్ళూ. గొట్టం చివర నుంచి గాజు బుడ్డిలోకి నీళ్ళు కారుతున్నాయి, కారుతూనే ఉన్నాయి. ఒక గంట. రెండు గంటలు. ఆమె ఏదో తప్పు చేశాననుకుంది. ఆ తర్వాత, బుడ్డి మెడ దగ్గర, నీళ్ళ పైన సన్నని గీతలా ఒక రంగు తేలింది. చూస్తుండగానే అది చిక్కబడింది. సాయంత్రం ఆకాశంలో చుక్కలు పొడిచే ముందు కనిపించే నీలం.

"వచ్చింది! ఆంబ్రుష్ గారూ, వచ్చింది!"

అతను కుర్చీలోంచి లేచాడు. ముందుకు రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగిపోయాడు. యోలాన్ బుడ్డిని గుడ్డతో పట్టుకుని, షెడ్డు గుమ్మం దగ్గర ఎండలోకి ఎత్తి చూపించింది. అంత దూరం నుంచీ అతను టోపీ తీశాడు.

బండెడు పూలకు గ్లాసుడు నూనె రాలేదు. అయినా ఇద్దరికీ ఏదో గెలిచినట్టుంది. మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, బట్టలు మార్చుకుని ఆమె చెర్రీ చెట్టు కిందికి వచ్చేసరికి, ఆంబ్రుష్ ఉప్పు బిస్కెట్లూ, రేగుపళ్ళ సారా పోసిన రెండు చిన్న గ్లాసులూ పెట్టి ఉంచాడు. మొహం వాపు సగం తీసింది.

"యోలాన్ గారూ, నేను మీకంటే ఆరేళ్ళు పెద్దవాణ్ణి. అయినా ఈ మాట ఆడవాళ్ళే ముందనాలంటారు."

"ఏ మాట?"

అతను గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. యోలాన్ నవ్వేసింది. తన గ్లాసెత్తి, మోచేతిని అతని మోచేతిలో మెలివేసింది. అక్కడ గౌరవం వదిలి చనువులోకి దిగేది అలాగే, ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తూ తాగి.

"ఇక ఈ మీరూ గీరూ వద్దు. తాగు, ఆంబ్రుష్."

"తాగుతున్నాను, యోలాన్" అన్నాడతను. ఒక్క గుక్కలో తాగి, సారా ఘాటుకో మరి దేనికో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాతి మంగళవారం ఆంబ్రుష్ స్నానశాలకు ఉత్త చేతులతో వచ్చాడు. సీసా యోలాన్ దగ్గరే ఉంది మరి. నడవాలో వరసలో కూచున్న ఆడవాళ్ళ ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తన ఒంటికి తన నూనె పడదని, ఆరేళ్ళుగా దాచానని, ఆ రోజు సంతలో చేసింది వట్టి మూర్ఖత్వమని.

పన్ని నోరు తెరిచింది. "అదా సంగతి! మేమేమో పొగరని ఆరేళ్ళు తిట్టుకున్నాం. ఆ తిట్లన్నీ ఇప్పుడెక్కడ పొయ్యాలి?"

"పట్నం పెద్దమనిషికి పంపించు" అంది వరసలోని ముసలామె, నడవా అంతా నవ్వింది.

నూనె కొనేవాళ్ళు తగ్గలేదు. పైపెచ్చు అంతకుముందు యోలాన్ మోచేతి పరీక్షను ముసలమ్మ చాదస్తమనుకున్నవాళ్ళు కూడా బుద్ధిగా చెయ్యి చాచసాగారు. ఆ వేసవిలో ముగ్గురికి దద్దుర్లొచ్చాయి. వాళ్ళలో పన్ని ఒకతె. యోలాన్ వాళ్ళకోసం తేనెమైనం, పొద్దుతిరుగుడు నూనె మాత్రమే కరిగించి, ఏ పువ్వూ లేని లేపనం వేరే డబ్బాలో పెట్టింది. ఆంబ్రుష్ చేతుల పగుళ్ళు మానింది కూడా దానితోనే.

శరత్కాలం నాటికి పని పంచుకోవడం స్థిరపడింది. పూలూ బట్టీ యోలాన్‌వి. గొట్టాలూ కట్టెలూ సీసాల మీద చీటీలూ ఆంబ్రుష్‌వి. స్నానశాలకు ఆమె వారంలో మూడు రోజులే వెళుతోంది. అక్టోబరులో తన బీరువా, రెండు బాతులూ వ్యానులో వేసుకుని చౌడు నేలకు మకాం మార్చింది. బీరువా ఏ గోడకు పెట్టాలన్న దాని మీద ఇద్దరూ రెండు రోజులు వాదించుకున్నారు. మూడో రోజు ఆంబ్రుష్ గోడకు అడ్డొచ్చే మేకు పీకి, బీరువాను ఆమె చెప్పిన చోటికే జరిపాడు. అప్పటికే బాతులు పెరడంతా తమదన్నట్టు తిరుగుతున్నాయి.