కెనాంగా నూనె, సుమర్ణి చేతులు

"కొబ్బరినూనె చెడిపోయిందని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు సుమర్ణీ, పనైపోతుంది," అన్నాడు డాక్టర్ హెందార్తో, గ్లాసుడు మంచినీళ్ళు తెమ్మన్నంత తేలిగ్గా.

సెమరాంగ్‌లోని ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఎనిమిది నెలలుగా పరీక్ష నడిచింది. నొప్పులు పడే తల్లులకు కెనాంగా పూలనూనె భయం తగ్గిస్తుందా లేదా తేల్చాలి. నలభైమందికి ఆ నూనెతో చేతులు మర్దన చేయాలి. ఇంకో నలభైమందికి ఉత్త కొబ్బరినూనెతో చేయాలి. మరో నలభైమందికి ఏమీ చేయకూడదు. మర్దనంతా నర్సు సుమర్ణిదే, మనిషికి ఇరవై నిమిషాల చొప్పున, తన డ్యూటీ దిగాక. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. మూడో గుంపులో ఓ పిల్ల "అక్కా, కాసేపు ఉండవూ" అంటూ చెయ్యి పట్టుకుంటే, రూలు ప్రకారం విడిపించుకుని వచ్చేసింది. ఆ పాపం ఆమెను ఇంకా తింటూనే ఉంది.

తీరా లెక్కలు తేలితే, పూలనూనెకీ కొబ్బరినూనెకీ వెంట్రుకవాసి తేడా లేదు. రెండు గుంపుల్లోనూ భయం సగానికి సగం తగ్గింది. కొబ్బరినూనె రాయించుకున్నవాళ్ళు ఇంటికెళ్తూ "ఆ నూనె పేరేంటక్కా, ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు కూడా. భయం తగ్గనిది ఎవరూ ముట్టుకోని నలభైమందికే. పనిచేసిందేమిటో పసిపిల్లకైనా అర్థమవుతుంది. కానీ ఈ పరీక్షకి నూనె కంపెనీ డబ్బు పెట్టింది తన పూలనూనె కోసం. కొబ్బరినూనె చెడిపోయిందని మధ్య గుంపును లెక్కలోంచి తీసేస్తే ఇక గెలిచేది అదే.

ఇంట్లోనూ ఇదే భాగోతం. రోజూ సాయంత్రం సోయాగింజల టెంపే ముక్కలు వేయించి, అందరికీ వడ్డించి, అత్తగారి మోకాళ్ళు పట్టేది సుమర్ణి. "నా కొడుకు తెచ్చిన నూనె అమృతమే," అంటుంది అత్తగారు. "మంచిది చూసే తెచ్చాలే అమ్మా," అంటాడు మొగుడు దర్సోనో, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. చేతులు నొప్పెడుతున్నాయా అని ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు ఇద్దరూ. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా. పదిహేనేళ్ళుగా మింగిన కోపమంతా ఇవాళ ఈ కాగితం ముందు పైకి తన్నుకొచ్చింది.

"నూనె చెడలేదు సార్. రోజూ నేనే వాసన చూసి వాడాను."

"నువ్వేమన్నా సైంటిస్టువా? వ్యాసం చివర్న నర్సులకి థాంక్సని రాస్తున్నా కదా. రేపు మూడింటికి కంపెనీవాళ్ళు మర్దన చూడ్డానికొస్తున్నారు. ఇప్పుడు పేచీ పెట్టకు తల్లీ."

సుమర్ణి కలం అందుకుంది. 'కొబ్బరినూనె చెడలేదు. ఎనభైమందికీ మర్దన చేసింది నేను' అని రాసి సంతకం పెట్టింది. దీని నకలు పరిశోధనలు తనిఖీ చేసే సంఘానికి కూడా పంపుతున్నానని నెమ్మదిగా చెప్పింది.

హెందార్తో మొహం మాడిపోయింది. "మరి రేపు వాళ్ళకేం చూపించమంటావు?"

"సీసా ఉందిగా సార్, చూపించండి. నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికే సరి."